గోడమీది గీతనుంచి గేజి లెక్కదాకా: పాత వరదల రికార్డుతో మీ వీధి ముంపును అంచనా వేయడం ఎలా

కర్నూలు పాతబస్తీలో మా అక్కవాళ్ల ఇంటికి 2009 వరద తర్వాత మూడుసార్లు రంగులు పడ్డాయి. మెట్ల కింద చిన్న గది ఒక్కటి మాత్రం వదిలేశారు. పాత బిందెలు, విరిగిన కుర్చీ, పనిచేయని మిక్సీ పెట్టుకునే గదికి రంగెందుకని. ఆ గది గోడమీద ఇప్పటికీ మట్టిరంగు గీత ఉంది. నిజానికి ఒకటి కాదు, ఒకదానికింద ఒకటి నాలుగు. "ఏది రా అసలు గీత?" అని అక్క అడిగింది. జవాబు చెప్పడానికి నాకు రెండు వేసవులు పట్టింది. ఆ పనిలో నేర్చుకున్న పద్ధతే ఇది. ఇంజనీరింగు చదవకపోయినా, ఓపికున్న నలుగురు కలిస్తే ఒక వీధికి చేసుకోవచ్చు.

ముందే ఒకమాట. వరద గుర్తు దొరకగానే సంబరపడొద్దు. అది ఏ నీళ్లది, ఏ రోజుది, సముద్రమట్టంనుంచి ఎంత ఎత్తు అన్న మూడూ తేలేదాకా అది గోడమీది మరక మాత్రమే. కింద చెప్పే పనంతా ఈ మూడింటి కోసమే.

1. మీ వీధికొచ్చే నీళ్లేవో తేల్చుకోండి

"కర్నూలుకు వరదొచ్చింది" అని ఒక్కముక్కలో అనేస్తాం గానీ ఊరికొచ్చే నీళ్లు మూడు రకాలు. పడమట పడ్డ వానకు హంద్రీ ఉన్నపళంగా పొంగుతుంది. తుంగభద్ర కర్ణాటకలో పుట్టి, హోస్పేట డ్యాము, సుంకేసుల బ్యారేజీ దాటి, దండిగా తీరిగ్గా వస్తుంది. మూడోది వచ్చే నీరు కాదు, పోని నీరు. కింద కృష్ణమ్మ నిండుగా ఉండి, శ్రీశైలం జలాశయం వెనక్కి ఎగదన్నినప్పుడు పైనున్న నీటికి పోయే దారుండదు.

2009లో ఈ మూడూ ఒకేసారి పడ్డాయి. ఆ ఏడాది ఆగస్టుదాకా కరువే. సెప్టెంబరు చివర ఉత్తర కర్ణాటకలోనూ మన రాయలసీమలోనూ వానలు విరుచుకుపడ్డాయి. అక్టోబరు 2, గాంధీ జయంతి నాటికి జనం మిద్దెలమీదున్నారు. మా వీధి చాచా చెప్పింది నేను చదివిన చాలా రిపోర్టులకంటే స్పష్టంగా ఉంది: "పహలే వెనకనుంచి హంద్రీ వచ్చింది బేటా. మోకాలిదాకా ఎక్కి ఆగింది. తగ్గుతుందిలే అనుకున్నాం. అప్పుడు ముందువైపునుంచి పెద్దనది వచ్చింది." ఆయన పెద్దనది అన్నది తుంగభద్రను. మెట్ల కింద గదిలో ఒకే గీత లేకపోవడానికి ఇదొక కారణం.

కడప వాళ్లకు లెక్క వేరు. అక్కడ ఊరి మధ్యలో పారే బుగ్గవంకే అసలు సమస్య. 2001లో ఊరిని ముంచింది, 2020 నవంబరులో నివర్ తుఫానుకు మళ్లీ ఇళ్లలోకొచ్చింది. అనంతపురంలో 2022 అక్టోబరులో కాలనీలను ముంచింది నడిమివంక. వంకల వరద గంటల్లో వచ్చి గంటల్లో పోతుంది. పెద్దనది వరద రోజుల తరబడి ఉంటుంది. ఈ రెండింటినీ ఒకే జాబితాలో కలిపితే లెక్క మొత్తం చెడుతుంది. కట్ట తెగి వచ్చిన నీళ్లనైతే అసలు కలపకూడదు. 2021 నవంబరు 19న చెయ్యేరుమీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు కింది ఊళ్లలో లేచిన మట్టం ఆ నది మామూలు స్వభావాన్ని చెప్పదు. దాన్ని వేరే కాగితంమీద రాసుకోండి.

2. కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

కేంద్ర జల సంఘం నదులమీద గేజి కేంద్రాలు నడుపుతుంది. తుంగభద్రమీద మంత్రాలయం, బావాపురం, పెన్నామీద తాడిపత్రి, చెన్నూరు అలాంటివే. అక్కడ రోజూ నీటిమట్టం రాస్తారు, ప్రవాహం కొలుస్తారు. కృష్ణా, పెన్నా బేసిన్ల లెక్కలు రహస్యమేమీ కావు. ఇండియా-రిస్ (India-WRIS) వెబ్‌సైటులో చాలావరకు చూడొచ్చు. అక్కడ లేనివి సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. అడిగేటప్పుడు "వరద వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఎవరికీ అర్థంకాని జవాబొస్తుంది. నాకూ ఒక ఆఫీసునుంచి రెండు నెలల తర్వాత ఒకటిన్నర లైన్ల జవాబొచ్చింది. తప్పు నా అర్జీదే. "ఫలానా కేంద్రంలో ప్రతి నీటి సంవత్సరపు (జూన్‌నుంచి మేదాకా) గరిష్ఠ మట్టం, అది నమోదైన తేదీ, గంట, ఆనాటి ప్రవాహం, గేజి సున్నా (కొలబద్దమీది సున్నా గీత) సముద్రమట్టంనుంచి ఎంత ఎత్తు" అని విడమర్చి అడగండి. చివరిది మరిచారా, మిగతా అంకెలన్నీ గాల్లో వేలాడతాయి.

బ్యారేజీలు, రిజర్వాయర్ల దగ్గర గంటగంటకూ గేట్ల రిజిస్టరు రాస్తారు. పెద్దనదికి సుంకేసుల, హంద్రీకి గాజులదిన్నె రిజిస్టర్లు చూడాలి. వాననీటి లెక్కలు వాతావరణ శాఖ దగ్గర, మండలాలవారీగా రెవెన్యూ వాళ్ల దగ్గర ఉంటాయి. పేపర్లలో జిల్లా ఎడిషన్ల పాత కాపీలు గ్రంథాలయంలో తిరగేయండి. ఫొటోలో బస్సు ఎంతవరకు మునిగిందో చూస్తే, ఆ చోట నీటి లోతు ఇంచుమించుగా తెలుస్తుంది.

ఎవరూ తలవని చోటు ఒకటుంది: రైలు వంతెన. వంతెన స్తంభాలమీద అంతవరకూ వచ్చిన గరిష్ఠ వరద మట్టాన్ని రంగుతో గీత గీసి రాయడం రైల్వే వాళ్ల ఆనవాయితీ. వాళ్ల వంతెన రిజిస్టర్లు ప్రభుత్వాలు మారినా, జిల్లాలు చీలినా చెక్కుచెదరవు.

ఉపగ్రహ చిత్రాలకు ఇస్రో వాళ్ల భువన్ ఉంది. ముంపు ఎంతదూరం పరుచుకుందో చూడటానికి బాగుంటుంది. అయితే ఉచితంగా దొరికే ఎత్తుల పటాలతో వీధి లోతు లెక్కకట్టకండి. వాటిలో పొరపాటు మీటర్లలో ఉంటుంది, మనకు కావలసింది అంగుళాల్లో.

3. తేదీలు కుదర్చడం

పెద్దవాళ్లు ఇంగ్లిషు తేదీలు చెప్పరు. "పుష్కరాల మరుసటేడు" అంటారు. తుంగభద్ర పుష్కరాలు 2008 డిసెంబరులో జరిగాయి, తర్వాత 2020లో. కాబట్టి ఆ మాటకు 2009 సరిపోతుంది. 2021 కూడా సరిపోతుంది. అందుకే వెంటనే రెండో ప్రశ్న వేయాలి: "అప్పటికి మీ చిన్నబ్బాయి బడికి పోతున్నాడా?"

మరికొందరు సంవత్సరం పేరు చెబుతారు. 2009 వరద విరోధినామ సంవత్సరంలో వచ్చింది. చిక్కేమిటంటే, అరవయ్యేళ్లకొకసారి అదే పేరు తిరిగొస్తుంది. తాతగారి నోట విన్న "విరోధి" 1949-50ది కావచ్చు. తాసిల్దారు ఆఫీసు పాత రికార్డుల్లో ఫసలీ సంవత్సరాలుంటాయి. జులై 1న మొదలవుతాయి. ఫసలీకి 590 కలిపితే మొదలయ్యే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1419 అంటే 2009 జులైనుంచి 2010 జూన్‌దాకా. జల సంఘం నీటి సంవత్సరం మాత్రం జూన్ 1న మొదలు. జూన్ నెల వరదొకటి దొరికితే ఈ రెండు లెక్కల మధ్య ఏడాది తేడా పడిపోతుంది, జాగ్రత్త.

ఇంకా వెనక్కి పోవాలనిపిస్తే మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు జిల్లా మాన్యువళ్లు, మెకంజీ దొర పోగుచేయించిన కైఫియత్తులు, అంటే ఊరూరి చరిత్ర రాతలు, ఉన్నాయి. వాటిలో అంకెలు దొరకడం అరుదు. కానీ ఏ చెరువు, ఏ కట్ట, ఏ వైపు అన్నది దొరకొచ్చు. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే ముసలమ్మ ప్రాణమిచ్చిందన్న కథ అనంతపురం వైపు అందరికీ తెలుసు. నేను దాన్ని భక్తితో వింటాను, ఇంజనీరు చెవితో కూడా వింటాను: ఆ కట్ట భద్రత గురించి జనానికి తరతరాలుగా బెంగ ఉందని చెబుతుంది ఆ కథ. అలాంటి చోటును నా పటంమీద చుక్కపెట్టుకుంటాను. అంతకుమించి దానినుంచి లాగను.

4. గోడలు చదవడం

మా మెట్ల కింద గదికి వద్దాం. నాలుగు గీతల్లో పై గీత సన్నగా, జిడ్డుగా ఉంది. గోరుతో గీకితే నల్లటి పొడి వచ్చింది. నీటిమీద తేలే నూనె, చెత్త గోడకంటుకున్న గీత అది. కిందివి వెడల్పుగా, ఎర్రమట్టితో ఉన్నాయి. నీరు తగ్గేటప్పుడు మధ్యమధ్య ఆగినచోటల్లా ఒక గీత పడుతుంది. కాబట్టి అన్నిటికంటే స్పష్టంగా కనిపించే గీత గరిష్ఠం కావాలని లేదు. ఎక్కువసేపు నీళ్లు నిలబడిన మట్టం అదవుతుంది. గరిష్ఠం కావాలంటే అన్నిటికంటే పైనున్న సన్న గీతను వెతకాలి.

బయటిగోడ గుర్తులను అంతగా నమ్మొద్దు. ప్రవాహానికి ఎదురుగా ఉన్న గోడమీద నీరు ఎగిసి పైకి కొడుతుంది, వెనకవైపు దిగువగా ఉంటుంది. మూసిన గదిలో నిలకడగా ఉన్న నీటి గుర్తే నిజానికి దగ్గర. బీరువా లోపలి అరలు, స్విచ్‌బోర్డు వెనక, అటక కింది చెక్క, పూజగది గూడు, ఇవన్నీ మంచి చోట్లు. ప్రతి గుర్తుకూ మూడు మార్కుల్లో ఒకటి వేసుకోండి: స్వయంగా చూసిన గీత, ఇంటివాళ్లు చూపించిన ఎత్తు, విన్నది. మూడోరకాన్ని లెక్కలో వేయకండి, పక్కన ఉంచండి.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. మొదటి వేసవిలో ప్రతి ఇంట్లో గచ్చునుంచి గీతదాకా టేపుతో కొలిచి నోట్‌బుక్కులో రాశాను. ఇరవై ఇళ్లు. మరుసటేడు మళ్లీ పోతే పక్కింట్లో ఎత్తు నాలుగు అంగుళాలు తగ్గింది. గీత దిగలేదు, గచ్చు లేచింది! పాత బండలమీదే టైల్సు వేయించారు. ఇరవై కొలతల్లో ఎన్ని అలా చెడ్డాయో తెలియక అన్నీ కొట్టేశాను. గచ్చు మారుతుంది, రోడ్డు తారుమీద తారుపడి లేస్తుంది. కదలనిదాన్నుంచి కొలవాలి.

5. అన్నిటినీ ఒకే మట్టానికి తేవడం

కదలనిది బెంచి మార్కు, అంటే సముద్రమట్టంనుంచి ఎత్తు ముందే కొలిచిపెట్టిన గుర్తు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్లది దగ్గర్లో ఉంటే మంచిది. లేదా నీటిపారుదల, రైల్వే కట్టడాలమీద చెక్కి ఉంటుంది. అక్కడినుంచి ఆటో లెవెల్‌తో (మూడుకాళ్లమీద నిలిపి సమమట్టంగా చూసే సర్వే పరికరం) మీ వీధిలో ఒక గట్టి చోటుకు, అంటే గుడి మెట్టుకో, మసీదు అరుగుకో, ఎత్తు తీసుకురండి. పాలిటెక్నిక్ కాలేజీ సివిల్ పిల్లలకు ఇది ఒక పూట పని, ప్రాక్టికల్స్‌లాగా సంతోషంగా చేస్తారు.

లెక్క ఇలా ఉంటుంది. ఉదాహరణకు బెంచి మార్కు 276.400 మీటర్లనుకుందాం. దానిమీద పెట్టిన స్టాఫ్ (కొలగీతలున్న నిలువు కర్ర) 1.250 చూపితే, పరికరం చూపు ఎత్తు 277.650. వరద గీతకు పెట్టిన స్టాఫ్ 2.100 చూపితే గీత 275.550. వీధిలో అన్నిటికంటే పల్లమైన చోట 3.900 వస్తే అది 273.750. అంటే ఆ పల్లంలో నిలిచిన నీరు 1.80 మీటర్లు. ఒకసారి ఈ అంకె వచ్చాక రోడ్డు ఎన్నిసార్లు లేచినా ఆ గీత విలువ మారదు.

ఇక అక్కడినుంచి ఇంటింటికీ మోయడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. మేస్త్రీల దగ్గరుండే లెవల్ పైపు చాలు. నీళ్లు నింపిన తెల్లటి ప్లాస్టిక్ పైపు రెండు చివర్లూ రెండు ఇళ్ల గోడలకు ఆనిస్తే, నీళ్లు నిలిచినచోట రెండూ ఒకే మట్టం. పైపులో గాలిబుడగ మిగలకుండా చూసుకోండి. మా మేస్త్రీ ఒకటికి రెండుసార్లు వేలితో పైపును తట్టి, "నీళ్లు అబద్ధం చెప్పవు సార్, బుడగ చెబుతుంది" అన్నాడు.

ఒకే మట్టానికి తెచ్చాక ఎంత కనిపిస్తుందో చూడండి. శ్రీశైలం పూర్తిమట్టం 885 అడుగులు, అంటే సుమారు 269.7 మీటర్లు. 2009 అక్టోబరులో అది 896 అడుగులు దాటింది, సుమారు 273.1 మీటర్లు. కర్నూలు ఊరి ఎత్తు సుమారు 273 మీటర్లని చెబుతారు. సగటు అంకెతో మీ వీధి తలరాత తేలదు, నిజమే. కానీ జలాశయం నీరూ ఊరి నేలా ఒకే అంకె దగ్గరికి వచ్చినప్పుడు హంద్రీ ఎటు పారాలి? అడుగులు ఒకచోట, మీటర్లు ఒకచోట, గచ్చునుంచి మూరలు ఇంకోచోట ఉన్నంతకాలం ఈ ప్రశ్నే పుట్టదు.

6. నది మారిందా?

శ్రీశైలం డ్యాము 1980ల్లో నిండటం మొదలైంది. అంతకుముందు కర్నూలు వరదల రికార్డులో వెనక జలాల ప్రభావం ఉండదు. 1953లో హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము వచ్చాక చిన్న, మధ్యరకం వరదలు కొంత తగ్గి ఉంటాయి. డ్యాము నిండి ఉన్నప్పుడు వచ్చే పెద్ద వరద మాత్రం తగ్గదు. 2009లాగా సీజను చివర వచ్చే వరద భయపెట్టేది అందుకే. కాబట్టి మీ జాబితాలో 1953 దగ్గర ఒక అడ్డగీత, 1980ల మొదట్లో ఇంకొకటి గీసి, మూడు ముక్కలుగా చదవండి.

చిన్న మార్పులూ ఉంటాయి. హంద్రీలో పూడిక, ముళ్లకంప, గట్లమీద ఇళ్లు, కొత్త వంతెన స్తంభాలు, ఇసుక తవ్విన గుంతలు. వీటివల్ల అదే ప్రవాహానికి మట్టం వేరుగా వస్తుంది. పాత క్యూసెక్కులను నమ్మొచ్చు, పాత అడుగులను నమ్మకూడని సందర్భాలుంటాయి. కరకట్ట కట్టాక ముంపు తగ్గుతుంది. ఒక్కోసారి ఆ గోడ నీటిని గోడ లేని ఎదుటిగట్టుకు తోసేస్తుంది కూడా. గోడ మీ వైపున ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండొద్దు. కాలువల నీరు గోడ లోపలే ఉండిపోయే సంగతి కింద చెబుతాను.

7. "వందేళ్ల వరద" అంటే

ప్రతి నీటి సంవత్సరంలోనూ అన్నిటికంటే పెద్ద వరదను ఒక్కటే తీసుకోండి. పెద్దదానినుంచి చిన్నదానికి వరుస వేయండి. మొత్తం సంవత్సరాలకు ఒకటి కలిపి, వరుస సంఖ్యతో భాగించండి. 39 ఏళ్ల లెక్క ఉంటే మొదటిదానికి 40 ఏళ్లు, రెండోదానికి 20, నాలుగోదానికి 10. ఆ మట్టం సగటున ఎన్నాళ్లకొకసారి వస్తుందో ఇది చెబుతుంది. మొదటి అంకెను మాత్రం అతిగా నమ్మకండి. 2009లాంటిది నిజానికి ఇంకా అరుదైనదై ఉండొచ్చు, మన జాబితా పొట్టిదైనందువల్ల 40 అని వచ్చి ఉండొచ్చు. ఐదో స్థానంనుంచి కిందివి నిలకడగా ఉంటాయి.

"వందేళ్ల వరద వచ్చేసింది, ఇక మన కాలంలో రాదు" అనేవాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. వందేళ్ల వరద అంటే ఏ ఏడాదైనా నూటికొక పాలు వచ్చే అవకాశమున్నదని. ముప్పయ్యేళ్ల ఇంటి అప్పు తీరేలోగా అది కనీసం ఒకసారి వచ్చే అవకాశం నూటికి 26. ఇరవయ్యేళ్ల వరదకైతే నూటికి 79. నిన్న వచ్చిందా లేదా అన్నది ఈ లెక్కలో లేదు.

గేజి లేని వంకలకు ఈ పద్ధతి కుదరదు. అక్కడ గుర్తులే దిక్కు. రెండు మూడు కల్వర్టుల దగ్గర మట్టాలు, మధ్య దూరం, వంక అడ్డకోత (ఆ చోట వెడల్పు, లోతు కొలతలు) ఇస్తే కాలేజీలో ఎవరైనా ప్రవాహం లెక్కకట్టిస్తారు.

8. వీధి పట్టిక

ఇదంతా చేసేది ఈ ఒక్క కాగితం కోసం. ఎడమవైపు గేజి మట్టం, కుడివైపు మీ వీధిలో ఏమవుతుంది. మొదటి వరుస: మురుగు కాలువ నదిలో కలిసే చోటి మట్టం. నది అంతకంటే ఎత్తుకు వస్తే కాలువ వెనక్కి తన్నుతుంది. గట్టు పొర్లకముందే వీధిలో నీళ్లు కనబడేది దీనివల్లే. రెండో వరుస: పల్లమైన ఇంటి గడప. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె, మంచినీటి సంపు మూత, ఆంబులెన్సు తిరగలేని లోతు, ఆఖరున 2009 గీత.

గేజి దగ్గర మట్టమూ మీ వీధి దగ్గర మట్టమూ ఒకటి కావు, మధ్యలో నదికి వాలు ఉంటుంది. పాత వరదల్లో రెండుచోట్లా తెలిసిన జతలను పక్కపక్కన పెట్టి తేడా చూడండి. సమయం కూడా అలాగే. సుంకేసుల రిజిస్టరులో గరిష్ఠం ఏ గంటకు, మీ దగ్గర ఏ గంటకు అని చూస్తే ఎంత వ్యవధి దొరుకుతుందో తెలుస్తుంది. హంద్రీ తోడైతే ఆ వ్యవధి పనికిరాదని పట్టిక కింద ఎర్రసిరాతో రాయండి. నేటి మట్టం తెలుసుకోవడానికి 2023లో జల సంఘం తెచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ చూడండి. హెచ్చరిక స్థాయి, ప్రమాద స్థాయి అందులోనే ఉంటాయి. అవి గేజి దగ్గరివి, మీ వీధివి కావు. వాటిని మీ వీధి భాషలోకి మార్చేది మీ పట్టిక.

9. పట్టికతో చేయించుకోగల పనులు

కాలువ నదిలో కలిసేచోట ఒకవైపే తెరుచుకునే తలుపు పెట్టించడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. నది లేచినప్పుడు అది మూసుకుంటుంది. అప్పుడు లోపలి వాననీటిని తోడే మోటరు కూడా ఉండాలి, లేకపోతే మన నీళ్లలో మనమే మునుగుతాం. మున్సిపల్ కమిషనరుకు అర్జీ పెట్టేటప్పుడు "మా వీధి మునుగుతోంది" అనకుండా, కాలువ మూతి మట్టం, నది అంతకు మించిన సందర్భాలు, పల్లం మట్టం అనే మూడు అంకెలు రాయండి. ఇంజనీరు ఆ కాగితాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టలేడు.

ఇంట్లోనైతే కరెంటు మీటరు, స్విచ్‌బోర్డులు పదేళ్ల వరద గీతకు పైన పెట్టించండి. 2009 గీతకు పైన పెట్టిస్తే మరీ మంచిది, కానీ కొన్ని ఇళ్లలో అది తలుపుకంటే పైనుంటుంది. ఇంటి దస్తావేజులు పైఅంతస్తులో ఉంచండి. కింద ఉన్నవాళ్లు పైవాళ్ల దగ్గర పెట్టుకోండి. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లకు గడప ఎత్తు రోడ్డునుంచి కాక మీ పట్టికనుంచి చెప్పండి.

మా అక్క ఇంట్లో పై గీత మట్టానికి ఒక ఇత్తడి మేకు కొట్టి, పక్కన తేదీ, సముద్రమట్టంనుంచి ఎత్తు చెక్కించాం. పోయినేడు పెయింటరు వచ్చినప్పుడు అక్క మొదట ఆ గదికే తాళం వేసింది.